బీటా పరీక్షకు దొరకని లోపం ఎవరి మీద పడుతుంది?

ఎక్కడో ఉన్న సర్వర్‌ను మన ముందున్న తెరపై నడిపించే రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఉనికి సాధారణంగా ఎవరికీ తెలియదు. అది ఆగిపోయిన రోజునే తెలుస్తుంది. 2025లో అటువంటి సందర్భమే ఎదురైంది. మైక్రోసాఫ్ట్ ఫిబ్రవరి 11న విడుదల చేసిన భద్రతా అప్‌డేట్ తరువాత, విండోస్ సర్వర్ 2025ను వాడుతున్న కొన్ని చోట్ల రిమోట్ సెషన్లు కనెక్ట్ అయిన కొద్దిసేపటికే స్తంభించిపోయాయి. మౌస్ కదిపినా, కీబోర్డు నొక్కినా స్పందన లేదు. కనెక్షన్ తెంచి మళ్లీ కలుపుకోవలసి వచ్చింది. సవరణ ఏప్రిల్ 22న గానీ అందలేదు.

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ సర్వర్ వెర్షన్ పరీక్షకు నోచుకోనిదేమీ కాదు. 2024 నవంబరులో అధికారికంగా విడుదల కావడానికి ముందు, నెలల తరబడి దాని ప్రివ్యూ ప్రతులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. లోపం మాత్రం విడుదల తరువాత వచ్చిన అప్‌డేట్‌తో బయటపడింది.

చిక్కు ఇక్కడే ఉంది. కొత్త వెర్షన్‌ను బహిరంగంగా పరీక్షించవచ్చు. భద్రతా సవరణను అలా ముందుగా పంచిపెడితే, ఏ కంత ఉన్నదో దాడి చేసేవారికే చూపించినట్లవుతుంది. అందువల్ల అత్యవసరమైన మార్పులే అతి తక్కువ మంది కళ్లబడి విడుదలవుతున్నాయి.

ఒక్క సర్వర్, అనేక మంది

రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతిలో అసలు పని అంతా సర్వర్‌లోనే జరుగుతుంది. ఉద్యోగి నొక్కిన అక్షరాలు అటు వెళతాయి, తెర మీది బొమ్మ ఇటు వస్తుంది. మైక్రోసాఫ్ట్ 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్‌తో తెచ్చిన ఈ ఏర్పాటు మూలసూత్రం ఇప్పటికీ మారలేదు.

ఒక కంప్యూటర్‌లో దోషం ఒకరి పనిని ఆపుతుంది. ఇటువంటి సర్వర్‌లో దోషం కార్యాలయం మొత్తాన్ని ఆపుతుంది. పరీక్ష కష్టమయ్యేదీ ఇందుకే. ఒకరు లాగిన్ అయినప్పుడు సవ్యంగా నడిచినది, యాభై మంది ఒకేసారి వచ్చినప్పుడు తడబడవచ్చు. నెట్‌వర్క్ వేగం, పాత ప్రింటర్లు, తెలుగు కీబోర్డు అమరిక వంటివన్నీ కలిసిన అసలు పరిస్థితిని ప్రయోగశాలలో పూర్తిగా కల్పించడం సాధ్యం కాదు. బీటా పరీక్ష అవసరం పుట్టింది ఆ లోటును పూడ్చడానికే.

చెప్పినా వినిపించని హెచ్చరిక

అయితే పరీక్షకులు ఉంటే సరిపోదు, వారి మాట చేరవలసిన చోటికి చేరాలి. 2018 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపివేయడంతో, మైక్రోసాఫ్ట్ కొద్ది రోజులకే దాని పంపిణీని నిలిపివేసింది. ఫైళ్లు పోతున్నాయని ప్రివ్యూ వాడినవారిలో కొందరు అంతకుముందే ఫిర్యాదు చేశారు. ఎక్కువ ఓట్లు రాకపోవడంతో ఆ ఫిర్యాదులు గుట్టలో కలిసిపోయాయి. ఆ తరువాతనే, సమస్య ఎంత తీవ్రమైనదో తెలిపే వెసులుబాటును కంపెనీ ఫిర్యాదు విధానంలో చేర్చింది. ఎంతమందికి నష్టం జరిగిందన్నది ఒక లెక్క, జరిగిన నష్టం ఎంతటిదన్నది మరో లెక్క. మొదటిదాన్నే చూసి రెండోదాన్ని విస్మరించడం ఆనాటి పొరపాటు.

ఎంతమంది పరీక్షించినా తేలని దోషాలూ ఉంటాయి. 2019 మే నెలలో వెల్లడైన ‘బ్లూకీప్’ రిమోట్ డెస్క్‌టాప్ సేవలోనే ఉంది. పాస్‌వర్డ్ అవసరం లేకుండానే చొరబడే వీలు కల్పించే ఆ లోపం విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ ఎన్నో వెర్షన్లు దాటి వచ్చింది. దాని తీవ్రత దృష్ట్యా, మద్దతు ఎప్పుడో ముగిసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ సవరణ ఇవ్వవలసి వచ్చింది. బీటా పరీక్షకులు వాడుకలో ఎదురయ్యే ఇబ్బందులను పట్టుకుంటారు. దాగి ఉన్న కంతలను వెతకడం వేరే విద్య.

మనకు సంబంధమేమిటి?

2020లో కోవిడ్ వ్యాప్తి మొదలైనప్పుడు కేంద్ర టెలికాం శాఖ నిబంధనలు సడలించింది. హైదరాబాద్ సహా దేశంలోని ఐటీ, కాల్ సెంటర్ ఉద్యోగులు ఇంటి నుంచే పనిచేశారు. దూరం నుంచి కంప్యూటర్‌ను నడపడం అప్పటి నుంచీ దైనందిన అవసరంగా స్థిరపడింది.

ఒక్క అప్‌డేట్ ఎంత దూరం ప్రభావం చూపగలదో 2024 జులై 19న ప్రపంచం చూసింది. అది రిమోట్ డెస్క్‌టాప్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్. దోషపూరితమైన ఫైలును కంపెనీ 78 నిమిషాల్లో సరిచేసినా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అప్పటికే 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు కనిపించాయి. ఆ ఫైలును దశలవారీగా కాక ఒకేసారి అందరికీ పంపడం నష్టాన్ని పెంచింది. ఇకపై దశలవారీగానే పంపుతామని కంపెనీ తరువాత ప్రకటించింది.

పెద్ద సంస్థలకు విడిగా పరీక్షా సర్వర్లు ఉంటాయి. అప్‌డేట్‌ను ముందు అక్కడ నడిపి చూసి, తరువాత అసలు సర్వర్లకు ఎక్కిస్తాయి. సహకార బ్యాంకుకో, చిన్న ఆసుపత్రికో ఆ స్తోమత ఉండదు. అప్‌డేట్ వేస్తే పని ఆగుతుందేమోనన్న భయం, వేయకపోతే ఎవరైనా చొరబడతారేమోనన్న భయం వాటిని వెంటాడుతుంటాయి. వేసుకున్న మరునాడు ఆ సంస్థలే తెలియకుండా పరీక్షకులవుతాయి. అక్కడ క్యూలో నిలబడినవారు ఆ ఖర్చు భరిస్తారు.

కొనుగోలు ఒప్పందాల్లోనే దశలవారీ పంపిణీని, వెనుకటి వెర్షన్‌కు మరలే సదుపాయాన్ని, లోపాలను వెంటనే వెల్లడించే బాధ్యతను షరతులుగా చేర్చగల బలం ప్రభుత్వ సంస్థలకు ఉంది. ఆ షరతులు ఒకసారి స్థిరపడితే, అడిగే శక్తి లేని చిన్న సంస్థలకూ వాటి రక్షణ అందుతుంది.