గోడపై ఓడ, మనిషి జాడ



నగరాలలోని గృహాల గోడలపై నేడొక కొత్త అలంకారం కనిపిస్తున్నది. దేవుని పటాల సరసన ఓడరేవు క్రేన్లు, తుప్పుపట్టిన ఓడలు, లంగరు గొలుసులు పెద్ద ఛాయాచిత్రాలై వ్రేలాడుతున్నవి. ఇనుములో అందమున్నదని ఆవిరి ఇంజనును ఎరిగిన రైల్వే కార్మికునకు ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక ఈ అభిరుచిని నేను ఆక్షేపించను. ఆ పటంలో మనిషి ఎక్కడున్నాడన్నదే నా ప్రశ్న.

బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ తీరాన్నే తీసుకొందము. సముద్రపు పోటు సమయాన ముసలి ఓడను ఒడ్డుకెక్కించి, నీరు తీసిన పిదప గ్యాస్ కట్టర్లతో ముక్కలు చేస్తారు. 1989లో బంగ్లాదేశ్‌లో ఈ పనిని బ్రెజిల్ ఛాయాచిత్రకారుడు సెబాస్టియావో సల్గాడో చిత్రించాడు. శ్రమజీవులపై ఆయన గ్రంథం 1993లో వెలువడినది. 2000లో కెనడాకు చెందిన ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ చిట్టగాంగ్ వెళ్ళాడు. ఆయన చిత్రాలు అనేకంలో ఓడ పర్వతంవలె నిలువగా మనిషి చీమంత. అది చిత్రకారుని దోషం కాదు. ఆ పరిమాణమే అక్కడి ప్రమాదాన్ని చెబుతున్నది. స్థలమూ కాలమూ తెలిపే వ్రాతను కత్తిరించి, సోఫా రంగుకు కుదిరినదని పటాన్ని తగిలించుకొనుటలోనే దోషమున్నది.

ఆ ఓడ కడుపులో ఆస్బెస్టాస్ ఉన్నది, చమురు మడ్డి ఉన్నది, నిప్పు తగిలితే ప్రేలే వాయువు ఉన్నది. ఉక్కు పలకల క్రింద నలిగినవారు, మంటలలో కాలినవారు ఎందరో. మన గుజరాత్‌లోని అలంగ్‌లోనూ 1983 నుండి ఇదే పని. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల వలస కూలీలే అక్కడ చెమటోడ్చేవారు. ఈ పనికి భద్రతా నియమాలు విధించే హాంకాంగ్ ఒడంబడిక 2009లో ఆమోదం పొందినా, 2025 జూన్ 26న గాని అమలులోకి రాలేదు. పదహారేండ్లు! ఇకనైనా అది కాగితంపై మిగిలిపోకుండవలెనన్న తనిఖీ కావలెను. తనిఖీ జరుగవలెనన్న సంఘబలం కావలెను.

ఇది పరుల గోడు కాదు. ఎర్ర తపాలా పెట్టె బొమ్మను ముచ్చటగా తగిలించుకొన్నవారికి పోస్ట్‌మన్ కాళ్ళ నొప్పి గుర్తుకు వచ్చునా? రైలు వంతెన పటంలో గ్యాంగ్‌మన్ లేకున్న మనకు బాధ కలుగదా? 1948లో విశాఖపట్నంలో నెహ్రూ జలప్రవేశం చేయించిన ‘జల ఉష’ను తలచుకొన్నప్పుడు, దానిని కట్టిన చేతులను కూడ తలచుకొనవద్దా?

పటం తగిలించండి, తప్పులేదు. కాని దాని క్రింద ఊరు, సంవత్సరం, అక్కడ జరిగే పని ఏమిటో వ్రాయండి. చూసిన బిడ్డ “వీరెవరు నాన్నా?” అని అడిగితే చెప్పండి: మనవారు.