సచ్ఛీలమునకు సాక్ష్య మెవరు?

మా వీధిలోని యొక పిన్నిగారు మొన్న శుక్రవారమునాడు జాబొకటి తీసికొని మాయింటికి వచ్చిరి. వారి కుమార్తె అమెరికాలో కాపుర మున్నది. పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టబోవుచు తల్లికి వ్రాసినది. కొన్నియేండ్ల క్రిందట ఒక అంగడిలో, చంకనున్న బిడ్డ యేడ్చుచుండగా, ఆ తొందరలో ఒక చిన్న వస్తువునకు వెల చెల్లింపకయే వెలుపలికి వచ్చినదట. పోలీసువారు పట్టుకొనిరి, పిమ్మట న్యాయస్థానము ఆ వ్యాజ్యమును కొట్టివేసినది. “కొట్టివేసినదానిని మరల త్రవ్వనేల? లేదని వ్రాయుము” అని తెలిసినవా రొకరు చెప్పిరట.

వ్రాయవలదంటిమి. ఏలయన, ఆ దరఖాస్తులో తర్వాత తుడిచివేయబడిన వ్యాజ్యములను గూర్చియు ప్రశ్న కలదు. కొట్టివేసిన వ్యాజ్యముకంటె “లేదు” అను మాటయే యెక్కువ ముప్పు. ప్రమాణము చేసి ప్రయోజనమునకై పలికిన యబద్ధము, విషయ మెంత అల్పమైనను, శీలమునకు భంగమేయని అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము 1988లో తీర్పు చెప్పినది.

పౌరసత్వము కోరువారు సచ్ఛీలురై యుండవలెనను నియమము ఆ దేశమున 1790వ సంవత్సరపు చట్టముననే కలదు. కాని ఆ చట్టము తెల్లవారికే ద్వారము తెరచినది. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున మనదేశీయుల నా ద్వారముకడనే నిలిపిరి. 1946 చట్టముతోగాని మనవారికి దారి దొరకలేదు. అంతవరకు మనవారి కెంత శీలమున్నను రంగు చాలకపోయినది!

నేడు సాధారణముగా దరఖాస్తునకు ముందటి అయిదేండ్ల నడవడిని, పౌరుని భార్య యగుచో మూడేండ్ల నడవడిని పరీక్షింతురు. ఈ దినముల లెక్క యెంత చిత్రమైనదో చూడుడు. రెపూయ్ అను న్యూయార్కు నివాసి, పుట్టుకతో వికలాంగుడైన తన కుమారుని బాధ చూడలేక 1939 అక్టోబరులో వాని ప్రాణము తీసెను. 1944 సెప్టెంబరులో, అయిదేండ్లు నిండుటకు కొద్దివారముల ముందు, పౌరసత్వము కోరెను. 1947లో న్యాయస్థానము కాదన్నది. గడువు దాటినది గనుక మరల కోరవచ్చునన్నది. ఆ కొద్దివారములలో ఆ తండ్రి హృదయము మారినదా? హత్యానేరమునకు మాత్రము నేడీ గడువు వర్తింపదు.

2025 ఆగస్టులో ఆ ప్రభుత్వమువారు తప్పులు లేకుండుట చాలదు, మంచియు చూపవలెనని క్రొత్త సూచన లిచ్చిరి. చదువు, ఉద్యోగము, పన్నుల చెల్లింపులతోబాటు కుటుంబములోనివారికి చేయు పరిచర్యయు అందు చేర్చిరి. ఇది చదివి సంతోషించితిమి, నవ్వుకొంటిమి కూడ. ఉద్యోగమునకు జీతపు చీటి కలదు. మంచము పట్టిన అత్తగారికి గంజి కాచిపోసినందు కే చీటి కలదు? నన్నయగారి శకుంతలకు నిండుసభలో ఆకాశవాణి సాక్ష్యము పలికెను. కచేరీలలో ఆకాశవాణి పలుకదు. కావున సోదరీమణులారా, వైద్యుని చీటీలు మొదలుకొని భద్రపరచుకొనుడు. భర్తతో కలిసి చేవ్రాలు చేయు పన్నుల పత్రములను చదివి మరీ చేయుడు.

న్యాయస్థానమునుండి తీర్పు ప్రతి తెప్పించి, అచ్చటి న్యాయవాదికి చూపి, ఉన్నదున్నట్లు వ్రాయుమని పిన్నిగారి పక్షమున మేమే జాబు వ్రాసితిమి. అప్పుడు వారు మెల్లగా అసలు భయము చెప్పిరి. భర్త యెరుగునుగాని అత్తమామ లీ సంగతి యెరుగరట; ఆ ప్రతి టపాలో వచ్చి మామగారి చేత బడునేమోయని పిల్ల వడకుచున్నదట. కాగితము రాకముందే అత్తగారితో తానే చెప్పుమని జాబు చివర చేర్చితిమి. ప్రత్యుత్తర మింకను రాలేదు.