ఏ గాలము? ఏ ఎర? ఏ కాలము?



కృష్ణా జిల్లాలోని ఒక పల్లె నుండి ఒక సహోదరుడు ఉత్తరం వ్రాశారు. తొమ్మిదవ తరగతి చదువుతున్న వారి అబ్బాయి సెలవులకు రీలు గాలం కొనిపెట్టమని పట్టుబట్టాడట. "అయ్యగారూ, గాలం పట్టుకొని చెరువు గట్టున కూర్చోవడం సోమరుల పని అని మా నాయన అనేవాడు. పిల్లవానికి కొనిపెట్టవచ్చునా? కొంటే ఎటువంటిది కొనాలి?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు పేతురును చూపితే చాలు. రెండవదే పెద్దది. ఈ నెల శీర్షిక దానికే.

నాలుగు సువార్తలలోను గాలం వేసి చేపను పట్టిన సంగతి ఒక్కచోటనే ఉంది, మత్తయి 17:27లో. మిగిలిన చోట్ల అన్నీ వలలే. గలిలయ సముద్రమని మనం చదువుకొనేది నిజానికి మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు. దానిమీద వలలతో బ్రతికిన పేతురును ప్రభువు ఆ రోజు గాలం వేయమన్నాడు. కావలసింది ఒక్క చేప. దాని నోట దొరికినది ఇద్దరి పన్నుకు సరిపోయే ఒక్క నాణెం.

వలకూ గాలానికీ ఉన్న తేడా ఇక్కడే చూడండి. వల ఏది వస్తే అది తెస్తుంది. మత్తయి 13వ అధ్యాయంలోని ఉపమానంలో వల నిండిన తరువాత ఒడ్డున కూర్చుని మంచివి గంపలలోకి ఏరుకొంటారు, చెడ్డవి పారవేస్తారు. గాలం వేసేవాడు ఆ ఏరుకోవడమేదో దారం నీళ్ళలో పడకముందే చేసుకోవాలి. ముల్లు ఎంతది, ఎర ఏది, చోటు ఎక్కడ, కాలం ఏది, ఈ నాలుగూ కలిసి ఏ చేప వస్తుందో చెబుతాయి. కనుక అంగడికి వెళ్ళేముందు అబ్బాయిని కూర్చోబెట్టి, "ఏ చేప కోసం నాయనా?" అని అడగండి. "ఏదైనా సరే" అన్నాడంటే రీలు గాలం ఇంకా తొందరే.

మొదట పరిగెలు, జెల్లలు పట్టడం నేర్వనివ్వండి. దానికి పది అడుగుల వెదురు కర్ర చాలు. లోపలి గుల్ల తక్కువగా ఉన్న వెదురును నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే పగులుతుంది. కర్ర పొడవుకు కాస్త తక్కువగా సన్నని నైలాను దారం కొనకు కట్టండి. జీలుగు బెండు గాని నెమలి ఈక కాడ గాని తేలేదిగా పెట్టి, దాని కొన మాత్రమే నీటి పైకి కనబడేటట్టు సీసపు గుండు వేయాలి. సీసం తక్కువైతే బెండు పడుకొంటుంది, చేప కొరికినది తెలియదు. ఎక్కువైతే చేపకు బరువు తెలిసి ఎరను వదిలేస్తుంది.

ముళ్ళ నంబర్లు కొత్తవారిని తికమక పెడతాయి. 10 నంబరు చిన్నది, 6 దానికంటె పెద్దది, 1 ఇంకా పెద్దది. అది దాటాక 1/0, 2/0, 3/0 అని వ్రాస్తారు. అక్కడి నుండి అంకె పెరిగినకొద్దీ ముల్లు పెరుగుతుంది. పరిగెలకు 10 గాని 12 గాని తీసుకొని, శనగగింజంత గోధుమపిండి ముద్ద గుచ్చితే చాలు. జెల్లకు 6 నంబరు, దానికి వానపాము. జెల్ల నేలబారు చేప గనుక ఎర అడుగును తాకేలా ఉండాలి. పట్టాక జాగ్రత్త! వీపుమీద ఒకటి, రెండు ప్రక్కలా చెరొకటి గట్టి ముళ్ళు ఉంటాయి. గుచ్చుకుంటే రాత్రంతా సలుపుతుంది. బొచ్చె, శీలావతి జోలికి అడగకుండా పోవద్దు. ఊరి చెరువులో అవి సాధారణంగా మత్స్య సహకార సంఘం వారో, పాట పాడుకొన్నవారో పిల్లలను కొని వదిలినవి. గట్టున కూర్చునే ముందు వారితో ఒక్క మాట చెప్పడం మర్యాదే కాదు, న్యాయం కూడా.

ముడి సంగతి చెప్పకపోతే మిగిలినదంతా వృథా. నైలాను దారాన్ని ముల్లు కన్నులోనుండి దూర్చి, దారం చుట్టూ అయిదుసార్లు త్రిప్పి, కన్ను ప్రక్కనున్న మొదటి సందులోనుండి కొనను వెనుకకు తీయాలి. బిగించేముందు ముడిని ఉమ్మితో తడపాలి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి నైలాను అక్కడే బలహీనపడుతుంది. "పెద్ద చేప తెంచుకుపోయింది" అని చెప్పుకొనే కథలలో చాలావరకు ఈ ముడి దగ్గర తెగినవేనని నా అభిప్రాయం.

ఇక అబ్బాయి మనసులో ఉన్నది బహుశః కొర్రమీను. తెలంగాణ వైపు కొర్రమట్ట అంటారు. ఆ రాష్ట్రం తన రాష్ట్ర చేపగా దీనినే ఎంచుకొంది. సన్నముళ్ళు తక్కువ గనుక ఇంట్లో ముసలివారికి, పిల్లలకు పెట్టడం సులువు. దానికి గాలి పీల్చుకొనే అవయవం ఉన్నది గనుక నీళ్ళు తీసిన తరువాత కూడా చాలాసేపు బ్రతికి ఉంటుంది, బజారులో ప్రాణంతోనే అమ్ముతారు. ఆ అవయవమే వేటగానికి సాయం. ఎంత దాగినా కొర్రమీను కొంతసేపటికొకసారి పైకి వచ్చి గాలి మ్రింగక తప్పదు. తూటికాడల మధ్య, తామరాకుల క్రింద, గుర్రపుడెక్క అంచున "గుబుక్" మని చప్పుడై ఉంగరాలు లేస్తే అక్కడున్నదన్నమాట.

అది వెంటాడి తినే చేప కాదు, మాటువేసి మ్రింగేది. కప్ప, చిన్నచేప, రొయ్య, నీటిలో పడిన పురుగు, ఏదైనా సరే. మన పెద్దలు బ్రతికున్న కప్పపిల్లను ముల్లుకు గుచ్చి నీటిమీద ఆడించేవారు. ఇప్పుడు అంగళ్ళలో రబ్బరు కప్పలు వచ్చాయి. ఇవి అసలు అమెరికాలో బాస్ అనే మంచినీటి చేప కోసం తయారైనవి. ఆ చేపకు కూడా మన కొర్రమీనులాగే పెద్ద నోరు, నాచులో దాగి ఎగిరి పట్టే గుణం. రబ్బరు కప్పలో రెండు ముళ్ళు వీపును అంటుకొని పైకి తిరిగి ఉంటాయి గనుక నాచులో చిక్కుకోవు. చేప నోటితో నొక్కినప్పుడు రబ్బరు అణిగి ముళ్ళు బయటపడతాయి. బ్రతికున్న కప్పకంటె ఇదే నాకు నచ్చుతుంది. కప్పలు పొలంలో పురుగులను తిని రైతుకు మేలు చేస్తాయి. కప్పకాళ్ళ ఎగుమతిని మన దేశం 1987లో ఆపివేసింది కూడా. అదిగాక గిలగిలలాడే ప్రాణికి ముల్లు గుచ్చడం పిల్లవాని చేతికి నేర్పవలసిన పని కాదు.

దీనికి రీలు కావాలి, నిజమే. ఆరున్నర, ఏడు అడుగుల కర్ర, కొన మరీ మెత్తగా ఉండకూడదు. దారం నైలానైతే 0.40 నుండి 0.50 మిల్లీమీటర్ల మందం. సన్నని దారంతో చేప తగిలినా నాచులోనికి దూరి తెంచుకొని, నోట్లో ముల్లుతోనే పోతుంది. అది మనకూ నష్టం, దానికీ బాధ. విడిగా ముల్లు కొనేవారు 1/0 నుండి 3/0 లోపు చూసుకోవాలి.

వేసే పద్ధతి ఇది. గట్టుమీద అడుగుల అదురు కూడా చేపకు తెలుస్తుంది, నీడ పడితే మరీ తెలుస్తుంది. సూర్యునికి ఎదురుగా నిలబడి, మెల్లగా నడవండి. చప్పుడు విన్నచోటనే కప్పను పడవేయక రెండు గజాలు అవతలకు విసిరి, ఆకులమీదుగా గెంతిస్తూ, ఆపుతూ, మళ్ళీ గెంతిస్తూ తీసుకురావాలి. ఎక్కువసార్లు ఆపినప్పుడే పడుతుంది. నీరు పగిలి కప్ప మాయం కాగానే అందరూ చేసేది ఒకటే, ఉలిక్కిపడి లాగడం. అప్పుడు కప్ప ఒక్కటే ముఖంమీదికి వస్తుంది. కొర్రమీను పట్టిన తరువాత తల త్రిప్పుకొని క్రిందికి దిగుతుంది. మనసులో "ఒకటి, రెండు" అనుకొని, దారం బిగుసుకొన్నాక ప్రక్కకు గట్టిగా లాగండి. ఎండాకాలంలో తెల్లవారుజామున, ప్రొద్దు వాలాక మంచిది. చలికాలంలో కాస్త ఎండెక్కనివ్వాలి.

కాలం అన్నాను గదా. నేను ఈ ఉత్తరానికి జవాబు వ్రాయడానికి అసలు కారణం అదే.

కొర్రమీను తొలకరితో మొదలుపెట్టి వానాకాలంలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. లోతు తక్కువైన చోట నాచును ప్రక్కకు నెట్టి గూడులా చేసుకొంటుంది. పసుపు వన్నె గుడ్లు నీటిపై తేలుతాయి, ఒకటి రెండు రోజులలో పిల్లలవుతాయి. ఆ పిల్లలు ఎర్రగా, వందల కొద్దీ ఒకే ముద్దగా, గాలి కోసం మాటిమాటికీ పైకి వచ్చి పోతుంటాయి. వాటి క్రిందనే పెద్ద చేప, ఎక్కువగా మగది, ఇంచుమించు నెలరోజులు కావలి ఉంటుంది. ఆ ఎర్ర ముద్దను చూచిన వేటగానికి పండుగే! దానిమీద కప్పను వేస్తే పెద్ద చేప తప్పక కొడుతుంది. అయితే ఆకలికి కొట్టదు. పిల్లలమీదికి శత్రువు వచ్చాడని కొడుతుంది. దానిని ఒడ్డుకు లాగిన తరువాత ఆ పిల్లలు జెల్లలకు, నీటికాకులకు ఆహారమవుతాయి.

ద్వితీయోపదేశకాండము 22:6, 7 తీసి పిల్లవానితో చదివించండి. దారిలో పక్షిగూడు కనబడి, తల్లి పిల్లలమీద కూర్చుని ఉంటే తల్లిని పట్టవద్దని, దానిని పోనివ్వవలెనని అక్కడ ఉన్నది. తల్లిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞకు ఉన్న దీర్ఘాయుష్షు వాగ్దానమే ఈ చిన్న ఆజ్ఞకూ ఉండడం గమనించండి. తల్లి ఎగిరిపోగలిగినా పోకుండా కూర్చున్నది పిల్లల కోసమే. ఆ ప్రేమనే ఉచ్చుగా వాడుకోవద్దన్నట్లు నాకు అర్థమవుతుంది. నీటిలోని చేపకు ఈ మాట వర్తించదని వాదించేవారితో నేను వాదించను. ఆ ఎర్ర ముద్దను ఒక్కసారి దగ్గరగా చూచి రమ్మంటాను.

"మనం వదిలితే ప్రక్కవాడు పట్టుకుపోతాడు గదా అయ్యగారూ" అంటారు. పట్టుకుపోవచ్చు. మృగశిర కార్తెకు చేపకు గిరాకీ ఎక్కువ, పైగా సరిగ్గా చేప గుడ్లకు వచ్చే రోజులు. కూలి దొరకని ఇంట్లో ఆ రోజు కూరే ఆ చేప అయితే నేను వేలెత్తి చూపను. ఇక్కడ మాట్లాడుతున్నది సరదాకు రీలు కొనే ఇంటి గురించి. బొచ్చె పిల్లలను వదిలిన పాటదారు, "కొర్రమీను నా పిల్లలను తింటుంది, తీసెయ్యండి" అంటాడు, అదీ నిజమే. అయితే చలికాలం నుండి చెరువు ఎండేదాకా తీయడానికి ఎన్నో నెలలున్నవి. అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాలు కొన్ని, బాస్ చేప గూడు కాచే వసంతకాలంలో దానిని పట్టి ఇంటికి తీసుకుపోకూడదని చట్టమే చేసుకొన్నాయి. అక్కడా మగ చేపే పిల్లలను కాస్తుంది. మన ఊరిలో చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. సంఘంలోని యౌవనస్థులు నలుగురు ఒక మాట అనుకొంటే చాలు. వారు జూలై, ఆగస్టు ఆదివారాలలో వెనుక బల్లలమీద కనబడడం దీనితో వచ్చే మరొక లాభం!

వానాకాలంలో తెలియక పెద్ద కొర్రమీను తగిలితే తడి చేతులతో పట్టుకొని, ముల్లు విప్పి, పట్టినచోటనే వదలండి. ముల్లుకు లోపలివైపున్న ఎదురు పంటిని ముందే కత్తెరకారతో నొక్కివేస్తే తేలికగా ఊడుతుంది. అది వ్రేలికి గుచ్చుకొన్నప్పుడు కూడా ఇదే మేలు. గుచ్చుకొంటే ధనుర్వాతం ఇంజెక్షను మరువవద్దు.

రెండు హెచ్చరికలు మాత్రం గట్టిగా చెప్పాలి. కొత్త కర్రలు కార్బనుతో చేసినవి, వాటిలో కరెంటు పారుతుంది. చెరువుమీదుగా కరెంటు తీగలు పోయినచోట అసలు విసరవద్దు, ఉరుము వినబడితే కర్ర క్రింద పెట్టి ఇంటికి రావాలి. ఇక తీగ తగిలించి కాలువలో కరెంటు పెట్టడం, మందు కలపడం, తూటాలు పేల్చడం చేసే స్నేహితులతో అబ్బాయిని పంపవద్దు. మందు, తూటాలు 1897 నాటి మత్స్య చట్టం నుండి నేరమే. కరెంటు చేపనూ మనిషినీ వేరుచేసి చూడదు.

కాబట్టి సహోదరునికి నా సలహా: ఈ సెలవులకు వెదురు కర్ర, 10 నంబరు ముళ్ళు ఒక పొట్లం, 6 నంబరువి ఒక పొట్లం. మీరు కూడా ఒక సాయంత్రం ప్రక్కన కూర్చోండి. ముడి మీరే వేసి చూపండి. వానలు తగ్గాక, కొర్రమీను పిల్లలు విడిపోయిన తరువాత, రీలు కొనిపెట్టవచ్చు. మొదటి చేప ఎంత తూగిందో వ్రాయమని అబ్బాయితో చెప్పండి.