‘జరిగింది’ కాదు, చేశారు

మాది తెలుగులో పాఠాలు తయారుచేసే చిన్న కంపెనీ. మొన్న ఒకమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశారు. ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చి రెండు నెలలైనా కాలేదు. తీసేశారన్న మాట మాత్రం ఎవరూ అనలేదు. మీటింగులో మేం విన్నది ఇదీ: ‘టీమ్‌లో రైట్‌సైజింగ్ జరిగింది. తనకి ఇప్పుడు బ్యాండ్‌విడ్త్ తక్కువ. మనమంతా ఒక ఫ్యామిలీ కాబట్టి సపోర్ట్ చేద్దాం.’

నాకు ఒళ్లు మండింది. బ్యాండ్‌విడ్త్ తీగలకుంటుంది. ఆ అమ్మాయికున్నది నిద్రలేని రాత్రులు, పాలకేడ్చే బిడ్డ, సాయంత్రం ఆరింటికి పెట్టే మీటింగులు. 2017లో చట్టాన్ని సవరించి, ఇద్దరు పిల్లల వరకు ప్రసూతి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట పసిపిల్లల్ని చూసుకునే ఏర్పాటుండాలన్నారు. మేం ఎనభై మందిమి. ఆ గది ఏదీ అనడిగితే ‘పైప్‌లైన్‌లో ఉంది’ అన్నారు. పైప్‌లైన్‌లో బిడ్డని పడుకోబెట్టలేం కదా!

నా కోపం ఇంగ్లీషు మాటల మీద కాదు. బస్సూ రైలూ ఎప్పుడో మనవైపోయాయి. నా కోపం ఆ ‘జరిగింది’ మీద. ‘తీసేశాం’ అంటే చాలు, ఆ మాట చివర్లోనే చేసినవాళ్లు దొరికిపోతారు. అందుకే అది వాళ్లకి పనికిరాదు. ఓ ఇంగ్లీషు నామవాచకం తెచ్చి, దాని వెనక ‘జరిగింది’ తగిలిస్తే చేసినవాళ్లు మాయం. వాన కురిసినట్టు ఉద్యోగం పోతుంది.

ఈ విద్య ఆడవాళ్లకి కొత్త కాదు. ‘వంటయిందా?’ అనడుగుతారు, అది దానంతటదే అయినట్టు. ‘చదువు ఆగిపోయింది’, ‘పెళ్లయిపోయింది’, ‘అఘాయిత్యం జరిగింది’ అంటారు. ఆపిందెవరు? చేసిందెవరు? ఇల్లు నేర్పిన వ్యాకరణాన్నే ఆఫీసు సూటూ బూటూ వేసి వాడుతోంది. ఇంటింటికీ వెళ్లి బ్యూటీషియన్ పనిచేసే స్త్రీలని యాప్‌లు ‘పార్ట్‌నర్లు’ అంటాయి. లాభంలో వాటా లేని భాగస్వాములు! 2021లో గురుగ్రాంలో ఆ స్త్రీలే కమీషన్ల భారం మోయలేమంటూ కంపెనీ ఆఫీసు ముందు కూర్చున్నారు.

‘మాటల మీద ఇంత రాద్ధాంతమెందుకే?’ అంది ఓ స్నేహితురాలు. చేసినవాళ్లెవరో తెలియకుండా ఎవర్ని నిలదీస్తాం?

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ మీటింగు మినిట్స్ రాసింది నేనే. ‘రైట్‌సైజింగ్ జరిగింది’ అని నా చేత్తోనే టైపు చేశాను. రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే అది చెరిపి, ‘యాజమాన్యం ఆమెను ఉద్యోగం నుంచి తొలగించింది’ అని రాసి పంపాను. ‘టోన్ ఒకసారి చూడండి’ అంటూ తిరిగొచ్చింది. చూశాను. కర్త, కర్మ, క్రియ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అలాగే మళ్లీ పంపాను.