జేఏసీ వేరు, పార్టీ వేరు

2021 మార్చిలో వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగింది. బ్యాలెట్ మీద 71 పేర్లు. అందులో తెలంగాణ జన సమితి అధ్యక్షుడు కోదండరాం పేరు ఒకటి. ఓటర్లెవరు? టీచర్లు, ఉద్యోగులు, నౌకరీ కోసం ఎదురుచూస్తున్న పిల్లలు. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో ముందున్నది ఈ వర్గాలే. ఇంతకన్నా అనుకూలమైన ఓటరు జాబితా ఇంకెక్కడ దొరుకుతది? అయినా సారు మూడో స్థానంలో ఆగిండు. అధికార పార్టీ బలమే కారణమని సరిపెట్టుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

2009 డిసెంబర్‌లో పుట్టిన జేఏసీకి సొంత సభ్యులు లేరు. ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘాలు, వకీళ్లు, కొన్ని పార్టీలు ఎవరి సభ్యులను వాళ్లు వెంటబెట్టుకొని వచ్చి ఒక బల్ల చుట్టూ కూర్చున్నరు. పిలుపు జేఏసీది, అమలు చేసే చేతులు సంఘాలవి. 2014లో రాష్ట్రం వచ్చింది. సంఘాలు తమ పీఆర్సీలు, తమ బదిలీల దగ్గరికి తాము పోయినయి. అందులో తప్పేమీ లేదు. 2018 ఏప్రిల్‌లో జన సమితి పెట్టేనాటికి ఆ బల్ల దగ్గర మిగిలింది సారు మీద గౌరవం. గౌరవం ఉన్నంత మాత్రాన పోలింగ్ బూత్‌లో ఏజెంటు కూర్చోడు కదా!

ఇక సిద్ధాంతం. కొలువులు, ప్రజాస్వామ్య పాలన, అమరుల ఆకాంక్షలు. వీటిని కాదనే పార్టీ ఏది? కౌలురైతు పక్కన నిలబడితే పట్టాదారుకు కోపమొస్తది. ఫీజుల మీద మాట్లాడితే కార్పొరేట్ కాలేజీలకు కోపమొస్తది. ఎవరి కోపానికి సిద్ధపడుతున్నదో చెప్పని పార్టీని జనం మంచోళ్ల పార్టీ అంటరు, ఓటు ఇంకొకరికి వేస్తరు. 2018లో మహాకూటమిలో చేరి పోటీ చేస్తే ఒక్క సీటూ రాలేదు. 2023లో పోటీ నుంచే తప్పుకొని కాంగ్రెస్‌కు మద్దతిచ్చింది. 2024లో సారు గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ అయిండు.

మరి సీట్లు వచ్చిన పార్టీ నిలిచిందా? 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 స్థానాల్లో 10 గెలిచింది, అందులో మన వరంగల్ కూడా ఉన్నది. ఆ ఏడాదే చెన్నారెడ్డి దాన్ని కాంగ్రెస్‌లో కలిపేసిండు. 1978లో ఆయన అదే ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రి! విలీనానికి ఒప్పుకోనోళ్లు సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పేరుతో 1972 అసెంబ్లీకి నిలబడితే దక్కింది ఒక్క సీటు. జెండా పట్టుకొని ఊరూరా తిరిగినోళ్ల చేతిలో ఆ విలీనాన్ని ఆపే అధికారం ఉండి ఉంటే?

జన సమితిలో ఇంకా మిగిలిన కార్యకర్తలు సారును అడగాల్సింది పదవుల గురించి కాదు. పోటీ చేయాలా వద్దా, ఎవరితో కలవాలి అన్నది మండల కమిటీలో చేతులెత్తి తేల్చే పద్ధతి పెడతరా లేదా అని అడగాలె.