పరీక్షలయ్యాయి, ఇక ప్రశ్నలడగని పుస్తకం ఇవ్వండి

ఇంటర్ పబ్లిక్ పరీక్షలు, జేఈఈ, ఎప్‌సెట్, నీట్... ఒకదాని వెనక ఒకటి రాసి అలసిపోయిన పిల్లలు వేసవిలో చాలా ఇళ్లలో కనిపిస్తారు. ఫలితాలు రావాలి, కౌన్సెలింగ్ మొదలవ్వాలి. ఈలోపు చేతినిండా ఖాళీ. రెండేళ్లపాటు పొద్దున్నించి రాత్రిదాకా పుస్తకాల ముందు కూర్చున్న పిల్లలు ఇప్పుడు ఒక్క పేజీ కూడా తిప్పడం లేదని, పొద్దస్తమానం ఫోన్‌లో రీల్స్ చూస్తున్నారని ఓపీలో తల్లిదండ్రులు చెబుతుంటారు. తలనొప్పి అనో, నిద్ర పట్టడం లేదనో తీసుకొస్తారు. కాసేపు మాట్లాడాక అసలు బెంగ బయటపడుతుంది: ‘చదువంటేనే విరక్తి పుట్టినట్టుంది డాక్టరుగారూ!’

ఆ విరక్తి ఎక్కడిదో ఒకసారి ఆలోచించండి. నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. జవాబు సరైతే 4 మార్కులు, తప్పయితే ఉన్నవాటిలోంచి 1 మార్కు కోత. దీనికోసం తయారైన పిల్లలు ఏ పేజీ తెరిచినా ‘ఇందులోంచి బిట్ ఏమొస్తుంది?’ అనే చూస్తారు. ప్రతి వాక్యాన్నీ అనుమానంగా చదువుతారు, గుర్తుండదేమోనని భయపడుతూ గీతలు గీస్తారు. రెండేళ్లు అలా చదివాక అచ్చు అక్షరం కనిపిస్తే ఒళ్లు బిగుసుకోవడంలో వింతేముంది? దీన్ని సోమరితనం అనకండి. అలసట అనండి.

అలసటకు మొదటి మందు నిద్ర. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పరీక్షల ఏడాదిలో అందులో చాలా కోత పడి ఉంటుంది. కాబట్టి మొదటి వారం, పది రోజులు పడుకోనివ్వండి, తిరగనివ్వండి, ఆడుకోనివ్వండి. పుస్తకం మాట ఆ తర్వాత ఎత్తండి.

ఎందుకు ఎత్తాలంటారా? ఈ పిల్లలు మరో రెండు మూడు నెలల్లో ఎంబీబీఎస్‌లోనో, ఇంజినీరింగ్‌లోనో చేరతారు. అక్కడ ఎదురుచూసేవి ఇంతకంటే లావు పుస్తకాలు. చదవడమంటే భయమేనన్న భావనతోనే అక్కడ అడుగుపెడితే, సరదాగా చదువుకునే అలవాటు మళ్లీ చిగురించడం కష్టం. మనసు బరువెక్కినప్పుడు ఓ కథలోకి వెళ్లి కాసేపు తేలికపడి రావడం జీవితాంతం పనికొచ్చే అలవాటు. దాన్ని తిరిగి అందుకోవడానికి ఈ సెలవులే అదను.

ఇక్కడే మనం పప్పులో కాలేస్తాం. సరదాకి చదవమంటూ వ్యక్తిత్వ వికాస పుస్తకం చేతిలో పెడతాం. లేదంటే ‘సీటు ఎలాగూ వస్తుంది, అనాటమీ ఇప్పుడే మొదలుపెట్టు’ అంటాం. కథల పుస్తకమే కొనిచ్చినా, ‘ఏం నేర్చుకున్నావ్? ఎన్ని పేజీలయ్యాయి?’ అని ఆరా తీస్తాం. అది మళ్లీ స్లిప్ టెస్టే. ఈ రెండు నెలలూ పుస్తకం గురించి ఒక్క ప్రశ్నా వేయకండి. వాళ్లంతట వాళ్లు నవ్వుతూ వచ్చి చెబితే వినండి, చాలు.

ఇక పుస్తకం ఎంచుకునేది పిల్లలే. దానికో సులువైన దారి ఉంది. షాపులోనో, లైబ్రరీలోనో పుస్తకాన్ని మధ్యలో తెరిచి ఒక పేజీ చదవమనండి. రెండో పేజీ తిప్పాలనిపిస్తే అది వాళ్ల పుస్తకం. ఇంటికి తెచ్చాక ముప్పై పేజీలైనా మనసు పట్టకపోతే పక్కన పెట్టేయమనండి. పూర్తి చేసి తీరాలన్న నియమం సిలబస్‌కే, కథకు కాదు.

అలసిన మనసుకు మొదట చిన్నవి, నవ్వించేవి మంచివి. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ ఏ పేజీ నుంచి మొదలెట్టినా నవ్విస్తుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’లో మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరి పడే పాట్లు, ఇల్లొదిలి హాస్టల్‌కు వెళ్లబోయే పిల్లలకు దగ్గరగా ఉంటాయి. ఒక్కో కథా కొద్ది నిమిషాల్లో అయిపోవాలంటే సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’, ఖదీర్ బాబు ‘దర్గామిట్ట కథలు’ ఉన్నాయి. కాస్త గంభీరమైనది కావాలంటే డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ఓ ముసలివాడి కథ. ఒక్క రాత్రిలో ముగుస్తుంది. పుస్తకమూ పలచనే. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు రాసిన నవల అది.

‘మావాడికి తెలుగు చదవడమే రాదండీ’ అంటారు కొందరు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న పిల్లలకు తెలుగు కూడబలుక్కోవాల్సి రావడం నిజమే. దానికి దెప్పకండి. ఇంగ్లిష్‌లో చదివినా, కామిక్స్ చదివినా చదివినట్టే. చిన్నప్పటి హ్యారీ పోటర్‌ని మళ్లీ తిరగేసినా మంచిదే. రాత్రి భోజనాలయ్యాక మీరే ఒక తెలుగు కథ పైకి చదవండి, పక్క గదిలోంచి వాళ్లూ వింటారు. డాక్టరు కావాలనుకునే పిల్లలకు షెర్లాక్ హోమ్స్ కథలు నచ్చుతాయి. రాసిన కోనన్ డాయిల్ డాక్టరే. వైద్య కళాశాలలో తనకు పాఠం చెప్పిన జోసెఫ్ బెల్, రోగిని చూస్తూనే వివరాలు పసిగట్టే తీరులోంచే ఆ డిటెక్టివ్ పుట్టాడు.

ఫలితాల బెంగ ఉన్న ఇంట్లో ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ ఉండాలి. పరీక్షల ముందు పిల్లల హడావుడిని అంత సరదాగా చెప్పిన పుస్తకాలు తక్కువ. ఆ నారాయణ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష తప్పి, ఆ ఏడాదంతా ఇంట్లో చదువుకుంటూ, రాసుకుంటూ గడిపారు. తర్వాత పాసయ్యారు, డిగ్రీ చదివారు, 1935లో ఈ తొలి నవల వచ్చింది. పరీక్ష తప్పితే రచయితలైపోతారని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒక ఏడాది పోతే జీవితం పోదని పిల్లలకు మనం చెప్పే మాట, ఫలితాలు రాకముందే వాళ్ల చెవిన పడాలి.

పుస్తకాలకు పెద్ద ఖర్చూ అక్కర్లేదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు చూపించండి. పడుకునే ముందు గంటసేపు ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టండి, మీవి కూడా. ఫోన్ వెలుగు నిద్రను వెనక్కి నెడుతుంది. మంచి దీపం కింద నాలుగు పేజీలు చదివితే నిద్ర సులువుగా వస్తుంది.

ఒక్క హెచ్చరిక. పుస్తకం మీద ఆసక్తి లేకపోతే కంగారు అక్కర్లేదు. కానీ క్రికెట్, స్నేహితులు, ఇష్టమైన తిండి... వేటి మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు గడిచినా, నిద్ర, ఆకలి బాగా మారినా అది విశ్రాంతితో తీరే అలసట కాకపోవచ్చు. డాక్టరుకు చూపించండి. ‘నేనుండి ఏం లాభం’ వంటి మాట వినిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫలితాలు వచ్చేలోపే ఈ నంబరు మీ ఫోన్‌లో, పిల్లల ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.