మీ నాయినకు నువ్వే చెప్పు

ఇల్లు వదిలి దూరంగా ఉద్యోగం చేసేవాళ్లందరికీ ఈ ఫోన్ కాల్ తెలుసు. తిన్నావా, ఆఫీసు ఎట్లుంది అని మొదలవుతుంది. మూడో నిమిషానికి అసలు సంగతి బయటికొస్తుంది. "మీ నాయినకు నువ్వే చెప్పు బిడ్డా, నేను చెప్తే ఇంటాడా?" అరగంటకు ఇంకో ఫోన్. "మీ అమ్మకు నువ్వన్నా చెప్పురా." ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. మాది రాజోలి. మా ఇంట్లో పెద్ద గది సగం మగ్గానికే పోతుంది కాబట్టి అమ్మకూ నాయినకూ మధ్య దూరం పది అడుగులకు మించదు. ఆ పది అడుగులు దాటాల్సిన మాట హైదరాబాద్ వచ్చి, నా ఫోన్‌లో కాసేపు కూర్చుని, మళ్లీ తుంగభద్ర ఒడ్డుకు పోతుంది.

దీనికి శాస్త్రంలో ఒక పేరుంది. మర్రే బోవెన్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ దీన్ని త్రికోణం అన్నాడు. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే వాళ్లు మూడో మనిషిని లాక్కుంటారు. అప్పటికి వేడి తగ్గుతుంది, అసలు విషయం మాత్రం తేలదు. వేడి తగ్గింది కాబట్టి తేల్చుకోవాల్సిన అవసరమూ కనబడదు. మూడో మనిషికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. ఈ మూడో మనిషి మీలాగా, నాలాగా జీతం తీసుకునేవాడైతే ఫర్వాలేదు. పదో తరగతి పిల్లాడైతే?

మా చిన్నాయన కొడుక్కి కడుపునొప్పి మొదలైంది. వారానికి రెండు మూడు రోజులు బడి ఎగ్గొట్టేవాడు. ముందు గ్యాస్ మాత్రలు, తర్వాత కర్నూలు తీసుకుపోయి స్కానింగ్, మధ్యలో ఒక తాయెత్తు. రిపోర్టులన్నీ నార్మల్. ఇక ఇంట్లో తీర్పు వచ్చేసింది: ఫోన్ ఎక్కువైంది, నాటకాలు నేర్చాడు. స్కాన్ చూసిన డాక్టరే ఒక సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లమన్నారు. ఆమె పిల్లాడొక్కడే వద్దు, ఇంట్లో అందరూ రావాలన్నారు. సెలవులో ఉన్నాను కాబట్టి నేనూ వెళ్లాను. చిన్నాయన ముఖం చూడాలి. నొప్పి వాడికైతే మేమెందుకు అన్నట్టు.

ఆమె అందరి మాటా విని, చివర్లో వాడి చెల్లిని అడిగారు. దానికి పదకొండేళ్లు. "అన్నకు నొప్పి రాకముందు ఇంట్లో ఏం జరుగుతుంటుంది?" అది కాసేపు ఆలోచించి చెప్పింది: "అమ్మ, నాయిన అప్పు గురించి కొట్లాడుతుంటారు." "నొప్పి వచ్చాక?" "ఆపేస్తారు. నాయిన బండి తీస్తాడు, అమ్మ నీళ్లు కాస్తది."

గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. వాడి నొప్పి అబద్ధం కాదు. వాడు ప్లాన్ వేసుకుని ఎవరినీ మోసం చేయలేదు. అయితే ఆ నొప్పికి ఇంట్లో ఒక పని దొరికింది. అది గొడవను ఆపుతోంది. ఇలా సమస్య ఎవరిదని ఇల్లు వేలు చూపిస్తుందో ఆ మనిషిని ఫ్యామిలీ థెరపీలో 'గుర్తించిన పేషెంట్' అంటారు. అంటే అసలు పేషెంట్ ఇతనేనని ఇల్లు నిర్ణయించింది, మేమింకా నిర్ణయించలేదు అని. ఈ ఒక్క మాటలోనే సగం సిద్ధాంతం ఉంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది తేలిగ్గా ఎక్కుతుంది. ఒక సర్వర్ పదే పదే పడిపోతుంటే దాన్ని రీస్టార్ట్ చేస్తూ కూర్చోం. దాని మీద లోడ్ ఎక్కడి నుంచి వస్తోందో చూస్తాం. ఈ పోలిక ఊరికే కుదరలేదు, రెండింటికీ తాత ఒకరే. 1948లో నార్బర్ట్ వీనర్ 'సైబర్నెటిక్స్' పుస్తకం రాశాడు. ఫీడ్‌బ్యాక్ అనే ఆలోచన అందులోంచి ఇంజినీరింగ్‌లోకి ఎంత వెళ్లిందో, గ్రెగరీ బేట్‌సన్ అనే మానవ శాస్త్రవేత్త ద్వారా కుటుంబాల్లోకీ అంత వెళ్లింది. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఆయన బృందంతో పనిచేసిన డాన్ జాక్సన్ ఒకటి గమనించాడు. పేషెంట్ కోలుకునే కొద్దీ ఇంట్లో ఇంకొకరికి బాగోకుండా పోతోంది. ఏసీ థర్మోస్టాట్ లాగా ఇల్లు కూడా అలవాటైన ఉష్ణోగ్రతకే తిరిగి వస్తుందన్నమాట, ఆ ఉష్ణోగ్రత ఎంత ఉక్కగా ఉన్నా సరే.

చిన్నమ్మ వాదన ఏంటంటే, ఆయన నోరు తెరవడు కాబట్టి నేను అరుస్తాను. చిన్నాయన వాదన: ఆమె అరుస్తుంది కాబట్టి నేను నోరు తెరవను. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. గుండ్రంగా తిరిగే దానిలో ఇద్దరూ చెరో చోట లెక్క మొదలుపెట్టారు, అంతే. పాల్ వాట్స్‌లవిక్, ఆయన సహచరులు 1967లో రాసిన పుస్తకంలో అచ్చం ఇలాంటి భార్యాభర్తలే ఉంటారు. ఊరూ భాషా మారాయి, లూప్ మారలేదు. ఎవరు మొదలుపెట్టారు అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు లేదు. తర్వాత ఎవరు ఏం చేస్తారు అన్నదానికి ఉంది. పదకొండేళ్ల పిల్ల కూడా చెప్పగలదు.

ఇద్దరి గురించి మూడోవాళ్లను వాళ్ల ముందే అడిగే ఆ ప్రశ్నల పద్ధతి ఇటలీలోని మిలాన్ బృందానిది. మారా సెల్వినీ పలాజోలీ, ఇంకో ముగ్గురు కలిసి తయారుచేశారు. 1980లో దాని మీద వాళ్లు రాసిన వ్యాసం ఇప్పటికీ విద్యార్థులు చదువుతారు.

అయితే ఈ శాస్త్రం చరిత్రలో తలదించుకోవాల్సిన పేజీ కూడా ఉంది. 1956లో బేట్‌సన్ బృందం స్కిజోఫ్రెనియాకు ఇంట్లో మాటల తీరే మూలం అన్నట్టు రాసింది. నోటితో రమ్మని, ముఖంతో పొమ్మనే రెండు ముడుల మాటలు పిల్లల్ని అలా చేస్తాయని. అది నిలబడలేదు. ఈలోపు ఎందరో తల్లులు తమవల్లే బిడ్డకు జబ్బు వచ్చిందని కుమిలిపోయారు. ఇల్లు జబ్బును పుట్టించదు. ఇంట్లో వాతావరణం మాత్రం కోలుకోవడాన్ని తేలిక చేస్తుంది, లేదా కష్టం చేస్తుంది. ఈ తేడా మర్చిపోయి మాట్లాడే రీల్స్ డాక్టర్లు చాలామందే ఉన్నారు, జాగ్రత్త.

కుటుంబాన్ని వైద్యంలోకి పిలవడం అమెరికా వాళ్లు మనకు నేర్పిందేమీ కాదు. 1950ల్లో బోవెన్ బెథెస్డాలో ఒక ఆస్పత్రి వార్డులో పేషెంట్లతోపాటు కుటుంబాలను కూడా ఉంచి గమనించాడు. అదే దశాబ్దంలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, పేషెంట్ల ఇంటివాళ్లను అక్కడే ఉండనిచ్చారు. వాళ్లు వండిపెట్టారు, దగ్గరుండి చూసుకున్నారు, జబ్బు అంటే ఏంటో ఆయన దగ్గర కూర్చుని విన్నారు. తర్వాత వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ అదే దారిలో నడిచాయి. నిమ్హాన్స్‌లో కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది.

అక్కడి సిద్ధాంతం ఇక్కడికి ఎంతవరకు సరిపోతుంది? సాల్వడార్ మినూచిన్ గీతల గురించి చెప్తాడు. అమ్మానాన్నలు ఒక జట్టు, పిల్లలు ఒక జట్టు, మధ్యలో గీత ఉండాలి. గీత చెరిగిపోయి అందరూ అందరిలో కలిసిపోతే పిల్లలు నలిగిపోతారు. నిజమే. కానీ మా ఊరి ఇంటిని చూడండి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండు పోగులూ వేరు వేరు నాడెలతో ఆడుతూ ప్రతి వరసలో ఒకదాన్నొకటి పట్టుకోవాలి. నేసేవాడి పక్కన ఇంకో చెయ్యి కావాలి. భార్య కండెలు చుడుతుంది, బడి నుంచి వచ్చిన పిల్లలు అందిస్తారు. చీర ఆగితే అందరి కూడూ ఆగుతుంది. పని, పడక, చదువు, అప్పు అన్నీ ఒకే కప్పు కింద. ఈ దగ్గరితనాన్ని జబ్బు అంటే నేను ఒప్పుకోను. చేతులు కలవడం వేరు, కొట్లాట మధ్యలో పిల్లాడిని నిలబెట్టడం వేరు. ఆ సైకాలజిస్ట్ గీసిన గీత అక్కడే: అప్పు మాట పిల్లల ముందు వద్దు, శుక్రవారం రాత్రి వాళ్లు అవ్వ దగ్గర పడుకున్నాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, అరిచినా పర్లేదు. చిన్నది. చేయగలిగింది.

ఇంకో పని కూడా ఇచ్చారు. మూడు తరాల బొమ్మ గీయమన్నారు. మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు వృత్తాలు, మధ్యలో గీతలు, పక్కన సంవత్సరాలు. జెనోగ్రామ్ అంటారు. నా ల్యాప్‌టాప్ బ్యాగ్‌లోంచి తెల్లకాగితం తీసి ఇంటికొచ్చాక గీశాం. గీస్తుంటే ఒక సంవత్సరం దగ్గర పెన్ను ఆగింది. 2009. ఆ అక్టోబర్‌లో తుంగభద్ర పొంగి ఊరు ఊరంతా మునిగినప్పుడు నేను ఏడో తరగతి. నాకు గుర్తున్నది నీళ్లు, గుడారాలు. చిన్నాయనకు గుర్తున్నది వేరు. మగ్గం, దాని మీద సగం నేసిన చీర, అరువు తెచ్చిన పట్టు. మళ్లీ మగ్గం నిలబెట్టడానికి చేసిన అప్పు మీద అప్పు చేస్తూ ఇప్పటిదాకా వచ్చాడు. చిన్నమ్మ పెళ్లై వచ్చేనాటికి అది అప్పటికే ఉంది. ఆమెకు ఎవరూ మొత్తం చెప్పలేదు. తమ్ముడు పుట్టకముందు మొదలైన సంగతి వాడి కడుపులో తేలింది.

అప్పును థెరపీ తీర్చదు. ఇది కూడా చెప్పాలి. కూలి గిట్టకపోతే ఎన్ని ప్రశ్నలడిగినా ఇంట్లో వేడి పుడుతూనే ఉంటుంది. న్యూయార్క్‌లో పేద కుటుంబాలతో పనిచేసి మినూచిన్ బృందం 1967లో రాసిన పుస్తకం పేరులోనే మురికివాడలున్నాయి. వాళ్లకూ ఇది తెలుసు.

ఇంకొక హద్దు ఇంతకంటే ముఖ్యమైంది. లూప్‌లో అందరికీ భాగం ఉంటుందన్న మాట ఇంట్లో కొట్టేవాడికి మంచి సాకు. "ఆమె అట్ల మాట్లాడింది కాబట్టే" అని. 1970ల చివరి నుంచి స్త్రీవాద థెరపిస్టులు, ముందుగా రేచల్ హేర్-మస్టిన్ లాంటివాళ్లు, దీన్ని గట్టిగా ప్రశ్నించారు. దెబ్బకు బాధ్యత కొట్టినవాడిదే. అందులో సగం వాటాలు లేవు. అలాంటి ఇంట్లో ముందు కావాల్సింది రక్షణ, అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం తర్వాతి సంగతి. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.

మరి ఫోన్ కాల్ సంగతి? దూరంగా పోతే త్రికోణం తెగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఫోన్ ఎత్తకపోవడం, పండక్కి రాకపోవడం. బోవెన్ దాన్ని తెంపుకోవడం అన్నాడే గానీ బయటపడటం అనలేదు. టెన్నెసీలోని ఒక చిన్న ఊళ్లో ఐదుగురు పిల్లల్లో పెద్దవాడు ఆయన. తన సిద్ధాంతాన్ని తన ఇంటి మీదే ప్రయోగించి, ఊరికి పోయి, ఒకరి గురించి తనకు ఇంకొకరు చెప్పినవి వాళ్లకే నేరుగా చేరవేసి, మధ్యవర్తి కుర్చీలోంచి లేచాడు. 1967లో ఒక సదస్సులో వృత్తి పరమైన పత్రం చదువుతాడని అందరూ అనుకుంటే, ఈ కథ చెప్పాడు. తర్వాత అది అచ్చయినప్పుడు రచయిత పేరు దగ్గర 'అజ్ఞాత' అని ఉంది.

నేను అంత దూరం పోలేదు. అమ్మ ఫోన్ చేస్తే వింటాను, మధ్యలో పెట్టేయను. చివర్లో "ఈ మాట నాయినతోనే అనమ్మా, నేను చెప్తే నా మాట అయితది" అంటాను. మొదటి రెండు వారాలు అమ్మకు కోపం వచ్చింది. ఇల్లు పాత ఉష్ణోగ్రతకు లాగుతుందని చెప్పాను కదా, అదే. జీతం పంపే కొడుకు మాట ఇంట్లో తండ్రి మాట కంటే పైకి పోతుందని కూడా అప్పుడే అర్థమైంది. అది నాయినకు మంచిది కాదు, నాకూ కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ఇంటివాళ్లతో కలిపి మాట్లాడతారా అని ముందే అడగండి, అందరూ అలా చేయరు. నొప్పి లాంటిది ఉంటే డాక్టర్‌కి చూపించాకే. ఇంట్లో అందరూ రారేమో అని ఆగొద్దు, ఇద్దరు వచ్చినా పని మొదలవుతుంది. మా చిన్నాయన రెండోసారి రాలేదు, ఆ రోజు షావుకారుకు చీరలు అప్పజెప్పాలట. మూడోసారి తమ్ముడి కంటే ముందే బండి తీసి బయట నిలబడ్డాడు.